కుక్క అడ్డొచ్చి పడ్డారా? "కరవలేదుగా" అని వదిలేయకండి

నాలుగేళ్ల కిందట, భోగికి ఇంకా వారం ఉందనగా, తెల్లవారుజామున ఐదింటికి కాలవ గట్టు మీద బండితో సహా పడ్డాను. నాది రొయ్యల మేత వ్యాపారం. ఆ వేళకి చెరువుల మీదకి వెళ్లడం నాకు రోజూ ఉండేదే. ఆరోజు మంచు ఎంత దట్టంగా ఉందంటే, లైటు వేస్తే ఎదర తెల్ల దుప్పటి కట్టినట్టు ఉంది. తూము దగ్గర రోడ్డు మీదే ధాన్యం కుప్ప చేసి బరకం కప్పారు. ఆ పక్కన గడ్డిలో వెచ్చగా పడుకున్న కుక్క బండి చప్పుడుకి ఉలిక్కిపడి లేచి, ఎటు పోవాలో తెలియక నా ముందు చక్రం కిందికే వచ్చింది. దానికేం కాలేదు. నేను కుడిచెయ్యి ఆన్చి పడ్డాను.

టీ కొట్టు దగ్గరున్నవాళ్లు పరిగెత్తుకొచ్చి లేపారు. మొదటి ప్రశ్న, "కరిచిందేటండి?" అని. "లేదండి, అడ్డొచ్చింది" అన్నాను. "హమ్మయ్య, కరవలేదుగా! ఇంకేటి, లెగండి, టీ తాగుదురుగాని."

ఆ మాట నమ్మి పదకొండింటి దాకా చెరువుల మీదే తిరిగాను. తీరా చూస్తే మణికట్టు విరిగింది. వేలు వాచి ఉంగరం బిగుసుకుపోతే కత్తిరించి తీయాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ చేత్తో తడి తువ్వాలు గట్టిగా పిండలేను.

మన దగ్గర కుక్క అంటే కాటు, కాటంటే ఇంజెక్షన్. పడిపోవడం ఎవరి లెక్కలోకీ రాదు. దీనికి తిరగేసినట్టు, ఎముక విరిగితే అందరూ ఎముకనే చూస్తారు, పిక్క మీద పన్ను దిగిన సంగతి మూడోరోజు స్నానం చేసేటప్పుడు బయటపడుతుంది. రెండూ ఒకేసారి ఎలా చూసుకోవాలో, కట్టు విప్పాక మిగిలే బాధలతో ఏం చేయాలో వరసగా రాస్తాను. నేను డాక్టర్ని కాను. నేనూ మా అమ్మా మా వీధిలో మరికొందరూ పడి నేర్చుకున్నది, డాక్టర్లు మాకు వివరంగా చెప్పింది ఇందులో ఉన్నాయి.

1. పడకముందు: వెంటపడే కుక్కని దాటడం

మీ దారిలో కుక్కలు ఎక్కడ ఉంటాయో ముందు గుర్తుపెట్టుకోండి. కోడిమాంసం కొట్ల వెనక, రొయ్యల తలలు తీసే షెడ్ల గేట్ల దగ్గర, కల్యాణ మండపాల పక్కసందుల్లో, చెరువుల కాపలా పాకల దగ్గర ఉంటాయి. చెరువుల మీదుండే కుక్కలు ఆ గట్టు తమదనుకుని వెంటపడతాయి, హద్దు దాటగానే చాలావరకు ఆగిపోతాయి. కోతల రోజుల్లో మాత్రం మెయిన్ రోడ్డు కూడా గట్టు కింద లెక్కే. సగం రోడ్డు ధాన్యానిది, మిగతా సగంలో మనం, ఎదురొచ్చే ట్రాక్టరు, కుక్క.

వెంటపడితే అందరూ చేసే తప్పు యాక్సిలరేటర్ తిప్పేయడం. పారిపోయేదాన్ని తరమడం కుక్కకి పుట్టుకతో వచ్చిన బుద్ధి. మీరు వేగం పెంచితే అదీ పెంచుతుంది. అది అడ్డంగా వచ్చిందంటే ఆ వేగంతోనే నేల మీద పడతారు. కాలితో తన్నబోతే బ్యాలెన్స్ పోతుంది, పైగా కాలు దాని నోటికి అందించినట్టవుతుంది. వేగం నెమ్మదిగా తగ్గించండి. హ్యాండిల్ నిటారుగా ఉంచండి, రెండు బ్రేకులూ కలిపి వాడండి. ఒకటి రెండు కుక్కలే అయితే ఆగిపోండి. దాని కళ్లలోకి గుచ్చి చూడకుండా, గట్టిగా ఒక అరుపు అరిచి, అది వెనక్కి తగ్గాక మెల్లగా కదలండి. ఎదురుగా అడ్డొచ్చినప్పుడు పక్కకి కోసేయాలని చేతులు లాగేస్తాయి. గట్టు రోడ్డు మీద పక్కకంటే ఒకవైపు కాలవ, ఒకవైపు చేను. తిన్నగా బ్రేకు వేయడమే తక్కువ ప్రమాదం.

వెనక కూర్చునేవాళ్ల సంగతి ఇంకాస్త చెప్పాలి. చీర కట్టుకుని ఒకపక్కకి కూర్చున్న మనిషికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఒళ్లో సంచి ఉంటుంది, ఒక్కోసారి చంటిపిల్ల కూడా ఉంటుంది. ముందున్నాయన కుక్కని చూసి బ్రేకు వేస్తాడు. ఆయనకి ముందే తెలుసు కాబట్టి కాళ్లు ఆన్చుకుంటాడు. వెనకావిడకి ఏమీ తెలియదు, ఉన్నపళంగా వెల్లకిలా పడుతుంది, తల వెనక భాగం రోడ్డుకి కొట్టుకుంటుంది. మా వైపు నేను చూసిన తలదెబ్బల్లో చాలావరకు ఇలా పడినవే. వీలైతే రెండువైపులా కాళ్లు వేసి కూర్చోవడం మంచిది. వీలుకాకపోతే కనీసం పక్కనుండే హ్యాండిల్ పట్టుకోవాలి, కాళ్లు ఫుట్‌రెస్ట్ మీద ఉండాలి. చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి, వెనక కూర్చున్నవాళ్లకి కూడా. "ఊళ్లోనేగా" అనే మాట మానేయండి. ఊళ్లోనే కుక్కలుండేది.

2. పడ్డాక మొదటి పది నిమిషాలు

వెంటనే లేవకండి. లేపడానికి వచ్చినవాళ్లు చంకల్లో చేతులు పెట్టి లాగేస్తారు, ప్రేమతోనే. మెడనొప్పి, నడుంనొప్పి, కాళ్లలో తిమ్మిరి ఉంటే వాళ్లని ఆపండి. వెనక వచ్చే లారీ మీదకి ఎక్కే ప్రమాదం ఉంటే తప్ప, 108 వచ్చేదాకా ఉన్నచోటే ఉంచడం మేలు. తప్పనిసరై కదపాలంటే తల, మెడ, నడుం ఒకే గీతలో ఉండేలా నలుగురు కలిసి పట్టుకోవాలి.

అవేమీ లేకపోతే నెమ్మదిగా కూర్చోండి. మొట్టమొదట ఉంగరాలు, గాజులు, వాచీ, చేతికి కట్టుకున్న దారాలు తీసేయండి. నొప్పిగా ఉన్నా, కాస్త వాపు మొదలైనా అప్పుడే తీయాలి. గంట తర్వాత రావు. వేలికి రక్తం ఆడకపోతే ఎముక కన్నా అదే పెద్ద సమస్య అవుతుంది.

విరిగిందేమో అనిపించిన చేతిని సరిచేయబోకండి, ఎలా ఉన్నదాన్ని అలాగే కదలకుండా కట్టండి. దినపత్రిక నాలుగు మడతలు పెట్టి చెయ్యి చుట్టూ డొప్పలా పెట్టి, తువ్వాలుతో మెడకి వేలాడదీస్తే చాలు. కాలికైతే మా వైపు కొబ్బరిమట్టకి కొదవలేదు. రెండు ముక్కలు నరికి, మధ్యలో గుడ్డ పెట్టి అటూ ఇటూ బద్దల్లా కట్టొచ్చు. బిగించి కట్టకూడదు, కట్టు కిందకి ఒక వేలు దూరాలి. ఎముక చర్మం చీల్చుకుని బయటికి కనిపిస్తే లోపలికి తొయ్యకండి. శుభ్రమైన తడిగుడ్డ కప్పి వెంటనే పెద్దాసుపత్రికి బయల్దేరండి.

టీ ఇవ్వకండి. నాకు ఇచ్చారు, తాగాను. ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వడానికి కడుపు ఖాళీగా ఉండాలి. ఆ టీ వల్ల కొన్ని గంటలు ఆగాల్సి రావచ్చు.

ఇంకొకటి. పడ్డ కోపంలో చెప్పు తీయకండి. కుక్కకాటుకి చెప్పుదెబ్బ అని సామెత ఉంది గానీ, బండి తగిలి బెదిరిపోయిన కుక్క మీదకి వెళితే చెప్పుదెబ్బకే కుక్కకాటు అవుతుంది. అది దెబ్బతిని పడి ఉన్నా ఉత్తచేతులతో ముట్టుకోకండి. ఎంత సాధుకుక్కయినా నొప్పిలో కరుస్తుంది.

3. ఒళ్లంతా చూడండి: పంటిగాటు ఎక్కడైనా ఉందా?

రోడ్డుకి దోక్కుపోయిన గాయాల మధ్య పంటిగాటు కలిసిపోతుంది. ప్యాంటు చిరగకుండానే లోపల పన్ను దిగొచ్చు. ఇంటికి రాగానే బట్టలు మార్చి, వెలుతురులో పిక్కలు, చీలమండలు, తొడల వెనక భాగం ఇంకొకరి చేత చూపించుకోండి.

పంటిగాటు గానీ గోరు గీత గానీ కనిపిస్తే, రక్తం రాకపోయినా సరే, పంపు కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి. 15 నిమిషాలంటే మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువసేపు, రెండో నిమిషానికే "చాల్లే" అనిపిస్తుంది. రేబిస్ వైరస్‌ని సబ్బు నీళ్లు దెబ్బతీస్తాయి. ఆస్పత్రికి వెళ్లేలోపు మన చేతిలో ఉన్న మందు అదొక్కటే. పసుపు, సున్నం, కారం, కిరసనాయిలు ఏవీ పెట్టొద్దు. గుడ్డతో గట్టిగా చుట్టొద్దు.

తర్వాత ఏం చేయాలన్నది గాయాన్ని బట్టి ఉంటుంది. బాగున్న చర్మాన్ని నాకితే కడుక్కుంటే చాలు. రక్తం రాని గీత అయినా, చర్మం కొద్దిగా లేచినా వ్యాక్సిన్ వేయించాలి. రక్తం వచ్చేలా కరిచినా, గీరినా, తెరిచి ఉన్న గాయాన్ని నాకినా, నోట్లో కంట్లో చొంగ పడినా, వ్యాక్సిన్‌తో పాటు గాయంలోపలా చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయించాలి. చాలామందికి ఈ రెండో మందు సంగతే తెలియదు. వ్యాక్సిన్ వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి రోజులు పడుతుంది. ఆలోగా గాయం దగ్గరే వైరస్‌ని పట్టి ఉంచేది ఇదే. మొదటిరోజే వేయాలి. దొరకకపోతే, మొదటి వ్యాక్సిన్ వేసిన రోజు నుంచి 7 రోజుల లోపు వేయించుకోవచ్చు.

ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. మొదటి ఇంజెక్షన్ వేసిన రోజు సున్నా. అంటే ఒకటో తారీఖున మొదలుపెడితే 4, 8, 29 తారీఖుల్లో మిగతావి. కండలోకి వేస్తే 14వ రోజు కూడా కలిపి ఐదు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అనేది మన తాతల కాలం ముచ్చట, ఆ వ్యాక్సిన్ దేశంలో ఆపేసి 20 ఏళ్లు దాటింది. వంకాయ తినకూడదు, కోడిమాంసం తినకూడదు అనే పథ్యాలూ లేవు. ఇంతకుముందు పూర్తి కోర్సు వేయించుకున్నవాళ్లకి 0, 3 రోజుల్లో రెండు బూస్టర్లు చాలు, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. ఆ పాత చీటీ చూపించాలి.

ఊళ్లో సందు చివర వేసే టీటీ ఇంజెక్షన్ ధనుర్వాతానికి. అది కూడా కావాలి గానీ, రేబిస్‌కి దానితో సంబంధమే లేదు. "ఇంజెక్షన్ అయిపోయిందండి" అని ధీమాగా తిరిగే మనిషి కనిపిస్తే ఏ ఇంజెక్షనో ఒకసారి అడగండి. అలాగే, "పది రోజులు కుక్కని చూసి, అది బాగానే ఉంటే మానేద్దాం" అని మొదలుపెట్టడమే ఆపేయకూడదు. ముందు వ్యాక్సిన్ మొదలుపెట్టండి, కుక్కని ఆ పక్కన గమనించండి. పది రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే మిగతావి ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెబుతారు. లక్షణాలు మొదలయ్యాక రేబిస్‌కి మందు లేదు.

4. తల: ఆ రాత్రి, ఆ తర్వాతి నెల

తల తగిలితే 24 గంటలు మనిషిని ఒంటరిగా వదలకండి. మళ్లీ మళ్లీ వాంతులు, తగ్గకుండా పెరిగే తలనొప్పి, మాట తడబడటం, ఒకవైపు బలం తగ్గడం, ఫిట్స్, ముక్కు చెవుల్లోంచి నీళ్లు లేదా రక్తం, లేపితే సరిగా లేవకపోవడం, పడ్డప్పుడు ఏం జరిగిందో గుర్తులేకపోవడం కనిపిస్తే రాత్రి ఒంటిగంటయినా సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కాకినాడ, రాజమహేంద్రవరం దూరమని తెల్లారేదాకా ఆగొద్దు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే ఉంది. మా పక్కింటి తాతగారికి డెబ్భై ఆరేళ్లు. రామాలయం నుంచి వస్తుంటే కుక్కలు దెబ్బలాడుకుంటూ కాళ్లకి అడ్డం పడ్డాయి. తల అరుగుకి తగిలింది. చిన్న బొప్పి కట్టింది, అంతే. మూడువారాల తర్వాత అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలోనే పెట్టుకుని కూర్చునేవారు. చెప్పులు వేసుకుంటే ఎడమకాలి చెప్పు జారిపోయేది, ఆయనకి తెలిసేది కాదు. "వయసు మీద పడింది కదా" అన్నారు ఇంట్లోవాళ్లు. కోడలు ఒక్కర్తే, "నెల కిందటి దాకా చీట్ల లెక్కలు నోటితో చెప్పేవారు, ఇది వయసు కాదు" అని పట్టుబట్టింది. స్కాన్ తీస్తే మెదడు పైపొర కింద రక్తం గడ్డకట్టి ఉంది. చిన్న రంధ్రం చేసి తీశారు. పదిరోజుల్లో మళ్లీ చీట్ల లెక్కలు మొదలుపెట్టారు.

పెద్దవాళ్లలో మెదడు కాస్త కుంచించుకుపోయి, పుర్రెకీ మెదడుకీ మధ్య చిన్న సిరలు సాగదీసినట్టు ఉంటాయి. చిన్న దెబ్బకే తెగి, చుక్కచుక్కగా కారి, వారాల తర్వాత బయటపడుతుంది. గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకి ముప్పు ఇంకా ఎక్కువ. వాళ్లకి తల తగిలితే బొప్పి చిన్నదైనా ఆ రోజే డాక్టర్ని కలవాలి. మందులు మీకు మీరే ఆపేయకండి. 60 దాటినవాళ్లు పడ్డ తేదీని గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టండి. నెల తర్వాత మతిమరుపో, తూలడమో, పగలంతా నిద్రో వస్తే, డాక్టరుకి మొదట చెప్పాల్సింది ఆ తేదీ.

తలదెబ్బ తర్వాత స్కాన్ మామూలుగా ఉన్నా కొన్ని వారాలు తలనొప్పి, చిరాకు, నిద్ర పట్టకపోవడం, చదివింది ఎక్కకపోవడం ఉండొచ్చు. పిల్లలైతే మార్కులు తగ్గాయని తిట్టకండి. ఒక్కోసారి వాసన పోతుంది. చేపల పులుసు మాడుతున్నా తెలియడం లేదంటే అది జలుబు అనుకుని ఊరుకోకండి.

5. ఎముక: ఎక్స్‌రే, కట్టు, నాటుకట్టు

పడేటప్పుడు మనిషి చెయ్యి ఆన్చుతాడు కాబట్టి మణికట్టు ఎక్కువగా విరుగుతుంది. భుజం మీద పడితే కాలర్ బోన్, ముసలివాళ్లయితే తుంటి.

మణికట్టు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా ఒక పరీక్ష చేసుకోండి. బొటనవేలు పైకి చాపితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే బాగా నొప్పిగా ఉంటే, స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లి ఉండొచ్చు. అది మొదటిరోజు ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు. కదలకుండా కట్టు వేయించుకుని 10 నుంచి 14 రోజులకి మళ్లీ తీయించాలి. ఈ ఎముకకి రక్తప్రసరణ తక్కువ. వదిలేస్తే అతకదు, కొన్నేళ్లకి మణికట్టు అరిగిపోతుంది.

పిండికట్టు వేశాక నొప్పి తగ్గాలి. తగ్గకుండా పెరుగుతూ ఉంటే, వేళ్లు తిమ్మిరెక్కితే, నీలంగా లేక పాలిపోయి ఉంటే, వేళ్లు మెల్లగా చాపినా ప్రాణం పోయేంత నొప్పి ఉంటే, "రేపు పొద్దున చూద్దాం" అనకండి. గంటల్లో కండ చచ్చిపోతుంది. కట్టు కోయించుకోవాలి.

నాటుకట్టు గురించి మా ఇంట్లోనే గొడవ జరిగింది. కట్టుకట్టేవాళ్ల అనుభవాన్ని నేను తక్కువ చేయను. కానీ ఎక్స్‌రే లేకుండా వెదురుబద్దలు బిగించి కడితే, విరిగిన ముక్కలు ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియదు. బిగువు ఎక్కువైతే చెయ్యి నల్లబడి తీసేయాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. ముందు ఎక్స్‌రే, తర్వాత మాటలు.

తుంటి సంగతి చెబుతాను. పెద్దవాళ్లు పడ్డాక నిలబడలేకపోతే, ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగినట్టే అనుకోండి. నూనె రాసి మర్దన చేయకండి. "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకండి, మంచంలో ఉంచి చూసుకుంటాం" అనే బంధువులు తప్పకుండా వస్తారు. మంచంలో వారాల తరబడి ఉంచితే పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు వస్తాయి. మనిషిని తీసుకుపోయేది చాలాసార్లు ఎముక కాదు, ఆ మంచం. ఒంటి పరిస్థితి బాగుంటే ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి, వీలైనంత త్వరగా వాకర్‌తో నిలబెడతారు.

6. ఇంట్లో కుక్క ఉంటే

మా కుక్క పేరు టామీ. గోదావరి జిల్లాల్లో ప్రతి రెండో కుక్క పేరూ అదే అనుకుంటాను. నేను పడ్డ ఏడాదికి మా అమ్మ తెల్లారకుండా కళ్లాపి చల్లి ముగ్గు వేస్తోంది. వంగి, వెనక్కి ఒక్కో అడుగు వేసుకుంటూ వేస్తుందిగా, అదే సమయానికి పాలబ్బాయి సైకిల్ బెల్లు విని టామీ కాళ్ల సందులోంచి పరిగెత్తింది. అమ్మ తడినేల మీద పక్కకి పడింది. తుంటి విరిగింది. టామీకి కరిచే బుద్ధే లేదు, ఆవిడంటే ప్రాణం.

అప్పటినుంచి మేం చేస్తున్నవి: టామీ మెడకి మువ్వలు కట్టాం, ఎటునుంచి వస్తోందో వినిపిస్తుంది. అది గుమ్మంలో పడుకోకుండా మూలకి గోనెపట్టా మార్చాం. మంచానికీ బాత్‌రూమ్‌కీ మధ్య రాత్రంతా చిన్న లైటు ఉంటుంది. తిండిగిన్నె నడిచే దారిలో ఉండదు. ముగ్గు వేసేంతసేపు దాన్ని పెరట్లో కట్టేస్తాం.

గొలుసు పట్టుకుని తిప్పేవాళ్లకి ఒక్కమాట: గొలుసుని అరచేతికి గానీ వేళ్లకి గానీ చుట్టుకోకండి. పిల్లి కనబడి కుక్క లాగితే వేలు మెలితిరిగి విరుగుతుంది, భుజం జారుతుంది, మనిషి ముందుకి పడతాడు. ఉచ్చులో వేళ్లు పెట్టకుండా పిడికిట్లో పట్టుకోవాలి, వదిలేయగలిగేలా. పెద్ద కుక్కని ముసలివాళ్ల చేతికీ పిల్లల చేతికీ ఇవ్వకండి.

7. కట్టు విప్పిన రోజు అసలు పని మొదలు

మణికట్టుకి సుమారు ఆరువారాలు కట్టు ఉంచుతారు. విప్పాక చూస్తే చెయ్యి సన్నబడి, చర్మం పొలుసులు లేచి, మనది కానట్టు ఉంటుంది. "అతికిందండి, ఇక వెళ్లండి" అంటే ఇంటికొచ్చేశాను. చెయ్యి నొప్పిగా ఉందని కదపలేదు. కదపకపోబట్టి బిగుసుకుంది, బిగుసుకోబట్టి ఇంకా నొప్పి పుట్టింది. రెండు నెలలు అలా పోగొట్టుకున్నాను. నా చెయ్యి పూర్తిగా తిరిగిరాకపోవడానికి కారణం కుక్క సగం, నేను సగం.

కాబట్టి కట్టు ఉన్నప్పుడే వేళ్లు, మోచెయ్యి, భుజం రోజూ చాలాసార్లు కదపండి. మెడకి వేలాడదీసిన చెయ్యి భుజం దగ్గర బిగుసుకుపోతే, మణికట్టు బాగయ్యాక భుజంతో ఇంకో ఏడాది పడాలి. కట్టు విప్పాక డాక్టర్ని "ఫిజియోథెరపీ రాయండి" అని నోరు తెరిచి అడగండి. దగ్గర్లో దొరక్కపోతే కనీసం వ్యాయామాలు ఒకసారి నేర్పమనండి. నాకు పనికొచ్చినవి: గోరువెచ్చని నీళ్లలో చెయ్యి ముంచి పిడికిలి మూసి తెరవడం, చపాతీ పిండిముద్ద పిసకడం, అరచెయ్యి బల్లమీద పెట్టి మణికట్టు పైకీ కిందకీ వంచడం, గరిట పట్టుకుని అరచెయ్యి పైకి ఒకసారి కిందికి ఒకసారి తిప్పడం. ఈ చివరిదే కష్టం. తాళం తిప్పడానికి, చిల్లర తీసుకోవడానికి చెయ్యి చాపడానికి అదే కావాలి. బలం పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది.

దెబ్బకి తగని మంట, చెయ్యి నున్నగా మెరవడం, ఒకసారి ఎర్రగా వేడిగా ఒకసారి నీలంగా చల్లగా మారడం, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం ఉంటే అది మామూలు నొప్పి కాదు. నరాలు అతిగా స్పందించే జబ్బు. తొందరగా గుర్తిస్తే లొంగుతుంది, ఆలస్యమైతే ఏళ్ల తరబడి వేధిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకీ, చుట్టా బీడీ కాల్చేవాళ్లకీ ఎముక, గాయం రెండూ ఆలస్యంగా మానతాయి.

యాభై దాటిన ఆడవాళ్లకి, నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే, ఎముకలు గుల్లబారాయేమో చూడాలి. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష అడగండి. ఒకసారి విరిగాక రెండోసారి విరగకుండా మందులున్నాయి. మా అమ్మకి తుంటి విరగడానికి ఆరేళ్ల ముందు మణికట్టు విరిగింది. అప్పుడు ఎవరూ ఆ పరీక్ష మాట ఎత్తలేదు, మాకూ తెలియలేదు.

8. భయం

అమ్మ ఇప్పుడు నడుస్తుంది, కానీ గుమ్మం దాటదు. కాళ్లు బాగానే ఉన్నాయి, "మళ్లీ పడతానేమోరా" అంటుంది. ఇది మొండితనం కాదు. పడతామనే భయంతో కదలడం తగ్గిస్తే కాళ్ల బలం తగ్గుతుంది, బలం తగ్గితే నిజంగానే పడతారు. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం రోజూ పది పదిసార్లు చేయిస్తున్నాం. తర్వాత వీధిగుమ్మం దాకా, తర్వాత పక్కింటి దాకా. వారానికి ఒక ఇల్లు చొప్పున రామాలయం వైపు జరుగుతున్నాం. ఇంకా నాలుగిళ్లు ఉన్నాయి.

బండి మీద పడ్డవాళ్లకి భయం ఇంకోలా ఉంటుంది. కుక్క కనిపిస్తే చేతులు బ్రేకు మీద బిగుసుకుంటాయి, దాంతోనే మళ్లీ జారతారు. కొన్నాళ్లు పగటిపూట, వేరేవాళ్లు పక్కన ఉండగా, అదే దారిలో నెమ్మదిగా వెళ్లండి. నెల దాటినా అదే దృశ్యం కలలో వచ్చి లేపేస్తుంటే, ఆ వీధి పేరు చెబితేనే గుండెదడ వస్తుంటే, మానసిక వైద్యుణ్ణి కలవండి. దీనికి చికిత్స ఉంది. పిల్లల్ని "కుక్కని పిలుస్తానుండు" అని బెదిరించి అన్నం పెట్టడం మాత్రం ఆపండి.

9. కాగితాలు

ఆస్పత్రిలో మొదటి చీటీ మీదే "కుక్క అడ్డం రావడం వల్ల బండి మీద నుంచి పడ్డారు" అని తేదీ, సమయం, స్థలంతో రాయించండి. ఉత్తినే "పడ్డారు" అని ఉంటే తర్వాత అందరూ సందేహిస్తారు.

బండికి కట్టే బీమాలో యజమానే నడుపుతున్నప్పుడు వర్తించే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందేమో చూడండి. అది మరణానికి, శాశ్వత వైకల్యానికే గానీ ఆస్పత్రి ఖర్చుకి కాదు, లైసెన్స్ ఉండి తీరాలి. బ్యాంకు ఖాతాలో ఏడాదికి రూ.20 కోసే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంటే మరణానికి, పూర్తి వైకల్యానికి రూ.2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రూ.1 లక్ష వస్తుంది. చాలామందికి అది కోస్తున్నట్టే గుర్తుండదు. మోటారు వాహన ప్రమాదాలకి 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదురహిత చికిత్స పథకంలో, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా రూ.1.5 లక్షల వరకు గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లో చూస్తారు. రేషన్ కార్డు ఉన్నవాళ్లు నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ డెస్క్ దగ్గర, ఆపరేషన్‌కి ముందే అడగాలి.

వీధికుక్కలకి ఆపరేషన్, వ్యాక్సిన్ చేయించి తెచ్చిన చోటే వదలడం 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పంచాయతీ, మున్సిపాలిటీల పని. ఫిర్యాదు కాగితం మీద ఇచ్చి, నకలు మీద సంతకం చేయించుకోండి. బడి, ఆస్పత్రి, బస్టాండ్, రైల్వే స్టేషన్ ఆవరణలో పడితే, 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాన్ని ఆ కాగితంలో రాయండి. అలాంటి చోట్ల నుంచి తీసిన కుక్కల్ని తిరిగి అక్కడే వదలకూడదని చెప్పింది. విషం పెట్టడం నేరం. దానికన్నా కోడిమాంసం కొట్టాయన వ్యర్థాలు కాలవగట్టున పారబోయకుండా చూడటం సులువు, ఎక్కువ ఫలితం కూడా. పెంచుకునే కుక్కని ఒకరు నిర్లక్ష్యంగా వదిలేయడం వల్ల దెబ్బ తగిలితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 ఉంది. 6 నెలల వరకు జైలు, లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నా వరకు నేను కేసు కన్నా ఆస్పత్రి బిల్లులో వాటా అడగడమే మేలంటాను. ఒకే వీధిలో బతకాలిగా.

చికిత్స పూర్తయి, ఇక ఇంతకన్నా మెరుగుపడదని డాక్టరు చెప్పాక వైకల్యం మిగిలితే, గ్రామ, వార్డు సచివాలయంలో సదరం శిబిరానికి (వైకల్యం ఎంత శాతమో తేల్చేది అక్కడే) స్లాట్ తీసుకోండి. 40 శాతం, అంతకుమించి వస్తే పింఛనుకి దారి ఉంటుంది. వెళ్లేటప్పుడు కొత్త ఎక్స్‌రేతో పాటు పడ్డ రోజు తీసిన మొదటి ఎక్స్‌రే, ఆపరేషన్ కాగితం, డిశ్చార్జి కాగితం పట్టుకెళ్లండి. ఎక్స్‌రే ఫిల్ములు మన తేమకి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మధ్యలో దినపత్రిక కాగితం పెట్టి, బీరువాలో నిలబెట్టి ఉంచండి, ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి.